గాలిలో కూర్చునే విద్య

విమానం ఎక్కకుండానే స్కైడైవింగ్ అనుభవాన్నిచ్చే విండ్ టన్నెల్, హైదరాబాద్ శివార్లలోని గండిపేటలో, గ్రావిటీజిప్ పేరుతో ఉంది. నిలువు గొట్టంలాంటి గదిలోకి బలమైన ఫ్యాన్లు కింది నుంచి పైకి గాలిని తోసినప్పుడు, ఆ ఒత్తిడి మనిషి బరువుకు సమానమైతే శరీరం తేలుతుంది.

మొదట నేర్పేది బోర్లా తేలడం. కుర్చీలో కూర్చున్న భంగిమలో తేలే సిట్‌ఫ్లై ఆ తర్వాతి మెట్టు, నిజానికి చాలా కష్టమైన మెట్టు. వెన్ను నిటారుగా, మోకాళ్లు దాదాపు లంబకోణంలో, చేతులు పక్కలకు చాచి ఉంచాలి. గాలికి ఎదురొడ్డే శరీర వైశాల్యం తగ్గుతుంది కనుక, బోర్లా తేలడానికి గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగం సరిపోయినా, ఇక్కడ అది 240 దాటవచ్చు. అరికాళ్లతో గాలిని గట్టిగా నొక్కకపోతే మడమలు వెనక్కి జారి, మనిషి ముందుకు తూలి, వైశాల్యం ఒక్కసారిగా పెరగడంతో పైకి ఎగిరిపోతాడు. అందుకే శిక్షకుడు సూటు పట్టుకునే పక్కన ఉంటాడు. హోరులో మాట వినిపించదు కాబట్టి అతడు రెండు వేళ్లు చాపితే కాళ్లు చాచాలని, వంచితే మడవాలని అర్థం.

చాచిన చేతుల భారమంతా భుజాలమీదే పడుతుంది కనుక, గతంలో భుజం కీలు తప్పినవారు ఆ సంగతి శిక్షకుడికి ముందే తప్పక చెప్పాలి.