తలరాత మీద మన చేవ్రాలు

కుర్చీలో కూర్చున్న మనిషి తలకు తీగలు అంటించి ఉన్నాయి. ఎదురుగా గడియారం లాంటి తెర. దాని అంచు వెంట ఒక చుక్క 2.56 సెకన్లకు ఒక చుట్టు చొప్పున తిరుగుతోంది. బుద్ధి పుట్టినప్పుడు మణికట్టు కదపాలి. బుద్ధి పుట్టిన క్షణాన చుక్క ఎక్కడుందో చెప్పాలి. అంతే పని. శాన్‌ఫ్రాన్సిస్కోలో బెంజమిన్ లిబెట్ చేయించిన ఈ ప్రయోగం 1983లో అచ్చయింది. చెయ్యి కదలడానికి సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో విద్యుత్ అలజడి మొదలైంది. ‘కదపాలి’ అన్న సంగతి ఆ మనిషికి తెలిసింది మాత్రం 200 మిల్లీసెకన్ల ముందు. మనం అనుకునేలోపే మెదడు పని మొదలెట్టేసిందన్నమాట.

స్వేచ్ఛ వట్టి భ్రమ అని ఈ అంకెలు చూసి తేల్చేసినవారు చాలామంది. లిబెట్ అంత దూరం పోలేదు. ఆఖరి క్షణంలో వద్దని ఆపుకొనే వీలు మనిషికి ఉందన్నాడు. ఆ అలజడి ముందే జరిగిపోయిన నిర్ణయం కాకపోవచ్చని, మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులే అలా కనబడుతుండవచ్చని 2012లో ఆరన్ షుర్గర్ బృందం వాదించింది. అసలు ఏ కారణమూ లేకుండా చెయ్యి ఊపడంలో స్వేచ్ఛను వెతకడమేమిటన్నది నా ప్రశ్న. అప్పు చేయాలా వద్దా, ఉన్న ఊరు వదలాలా, తాగుడు మానాలా... మనిషికి స్వేచ్ఛ కావలసి వచ్చేది ఇలాంటి చోట్ల.

మన దేశంలో ఈ తగువు బుద్ధుడి నాటిది. ఆజీవకులనే సన్యాసి శాఖ గురువు మక్ఖలి గోసాలుడు అంతా నియతే, అంటే ముందే రాసిపెట్టినదే అన్నాడని, మనిషి ప్రయత్నానికి బలమే లేదన్నాడని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. బుద్ధుడు ఆ బోధను గట్టిగా ఖండించాడు. గయకు దగ్గరలోని బరాబర్ కొండల్లో అశోకుడు ఆజీవకులకు గుహలు ఇచ్చాడు. వాటి రాతి గోడలు ఇప్పటికీ తళతళలాడతాయి. ప్రయత్నం వృథా అన్నవారి కోసం ఎవరో గట్టి రాతిని అంత ఓపికగా నునుపు తేల్చారు. ఆ శ్రమ కూడా నియతిలో భాగమేనని గోసాలుడి శిష్యులు అనవచ్చు. సరే, అనుకుందాం. అయినా శ్రమ లేకుండా ఆ గోడ నునుపెక్కలేదు. ప్రతిదానికీ కారణం ఉందనడం వేరు, నువ్వేం చేసినా ఒకటే అనడం వేరు. మొదటిదాన్ని నేను ఒప్పుకుంటాను. రెండోది మనిషిని చేతులు ముడుచుకు కూర్చోబెడుతుంది.

మెడ మీద కత్తి పెట్టి చేయించిన సంతకం చెల్లదని కోర్టుకెక్కవచ్చు. ఆలోచించి పెట్టిన సంతకానికి కట్టుబడాలి. రెండింటికీ కారణాలున్నాయి, చట్టం చూసేది అవి ఎలాంటి కారణాలన్నది. అమెరికన్ తత్వవేత్త హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ 1971లో ఇంకా లోపలికి వెళ్లాడు. మనిషికి కోరికలుంటాయి, ఆ కోరికల మీద కూడా కోరికలుంటాయి. వ్యసనపరుడికి మత్తు కావాలని ఉంటుంది, అలా ఉండకూడదనీ ఉంటుంది. ఈ రెండో కోరిక నెగ్గినప్పుడే మనిషి తన మాట తాను విన్నట్టు.

ఈ వాదం చదివినప్పుడల్లా నాకు నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తొస్తుంది. తొంభైల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం ఆ చుట్టుపక్కల ఊళ్లకు రాత్రి బడులు తెచ్చింది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్లు పలకలు పట్టుకుని కూర్చున్నారు. వాచకంలో సారా మీద తిరగబడిన ఊరి కథ ఉంది. చదివారు, తమ ఇంటి సంగతి మాట్లాడుకున్నారు, దూబగుంట రోశమ్మ లాంటివాళ్లు ముందు నడవగా అంగడి మూయించారు. తర్వాత వాళ్ల కథే పాఠమై మరిన్ని ఊళ్లకు వెళ్లింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు.

ఇక్కడ కారణాలకు కొదవ లేదు: ఖాళీ గిన్నెలు, ఒంటి మీద దెబ్బలు, ప్రభుత్వం అచ్చు వేసిన పుస్తకం. ఇన్ని కారణాలున్నాయి కాబట్టి ఆ నిర్ణయం వాళ్లది కాదంటే నేను ఒప్పుకోను. అప్పటిదాకా నుదుటి రాత అనుకున్నదాన్ని కూడబలుక్కుని చదివిన నాలుగు వాక్యాల వెలుతురులో మళ్లీ చూశారు, కాదనుకున్నారు. పాఠం వాళ్లను తోసిందనడం కన్నా, వాళ్లు పాఠాన్ని తమది చేసుకున్నారనడం నిజం.

అంగడి ముందు నిలబడ్డ మగవాడికీ ఇదే కొలత వర్తించాలి. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు, దుకాణాలు తిరిగి వచ్చాయి. మానాలని ఉన్నవాడి సంకల్పం నిన్నటిదే. దారిలో ఎదురయ్యే పరీక్ష మాత్రం పెరిగింది. అతను ఓడిపోతే అతనికీ బాధ్యత ఉంది. కానీ కూలి డబ్బులు ముట్టే చోటికీ ఇంటికీ మధ్య దుకాణం తెరిచినవారిని లెక్కలోంచి తప్పించి, బలహీనుడని అతనొక్కడినే వేలెత్తి చూపడం నాకు సమ్మతం కాదు.