చట్రంలో బొమ్మ, పుస్తకంలో కథ

ఇంగ్లండుకు చెందిన గ్రంథాలయాధికారి ఎడ్గర్ ఆస్బోర్న్ 1934లో టొరంటో ప్రజా గ్రంథాలయాన్ని సందర్శించాడు. అక్కడి బాలల విభాగం, దానిని తీర్చిదిద్దిన లిలియన్ స్మిత్ కృషి అతనిని ఆకట్టుకున్నాయి. 1949లో తన భార్య మేబెల్ స్మృత్యర్థం, సుమారు 2,000 పాత బాలల పుస్తకాలను ఆ గ్రంథాలయానికే సమర్పించాడు. ఆస్బోర్న్ సేకరణగా అవి నేటికీ అక్కడ భద్రంగా ఉన్నాయి.

అటువంటి పుస్తకాల బొమ్మలే పాతవస్తువుల దుకాణాలలో విడివిడిగా, చట్రాలలో కనిపిస్తాయి. దీనికి మూలం ఆనాటి ముద్రణ పద్ధతిలోనే ఉంది. ఇరవయ్యవ శతాబ్దారంభంలో మూడు రంగుల అచ్చుకు నున్నటి పూత కాగితం అవసరమయ్యేది. అందువల్ల బొమ్మలను వేరుగా ముద్రించి, దళసరి పుటలపై ఒక అంచున మాత్రమే అతికించేవారు. ఆర్థర్ రాకమ్ చిత్రించిన 1906 నాటి ‘పీటర్ పాన్ ఇన్ కెన్సింగ్టన్ గార్డెన్స్’లో ఇటువంటి రంగుల బొమ్మలు 50 ఉన్నాయి. అంటించినంత సులువుగానే వాటిని ఊడదీయవచ్చు. పుస్తకాన్ని ఒక్కటిగా అమ్మడం కన్నా ఏభై బొమ్మలుగా అమ్మడమే లాభమనిపించినప్పుడు, చెక్కుచెదరని ప్రతి కూడా విచ్ఛిన్నమవుతుంది.

కనుక సేకర్తలు ముందుగా అడగవలసినది బొమ్మ వెల కాదు, అది ఏ స్థితిలోని పుస్తకం నుండి వచ్చిందన్నది. అప్పటికే శిథిలమైన ప్రతి నుండి తీసినదైతే, చట్రం దానికి ఆశ్రయమే. అప్పుడు కూడా ఆమ్లరహితమైన అట్ట వాడాలి, ఎండ తగలని గోడను ఎంచుకోవాలి. వెలిసిన రంగు తిరిగి రాదు.

వడ్డాది పాపయ్య వేసిన చందమామ ముఖచిత్రాలను కత్తిరించి పటం కట్టించుకున్న తెలుగువారికి ఈ మమకారం కొత్త కాదు. అయితే గోడమీద మిగిలేది కథలోని ఒక్క క్షణమే. తరువాత ఏమైందని పిల్లలు అడిగితే, తిప్పడానికి పుట ఉండదు.