మన కంప్యూటర్ గదిలో హార్డ్ డిస్కులు ఎందుకు లేవు



మొన్న తల్లిదండ్రుల సమావేశంలో ఒక నాన్నగారు లేచి, "మాస్టారూ, కంప్యూటర్ల లోపల డిస్కులే లేవట, మా అబ్బాయి చూశాడట. ఎవరైనా పట్టుకుపోయారా?" అని అడిగారు. అడగడం మంచిదే. తీయించింది నేనే. తీసిన పద్దెనిమిది డిస్కులూ స్టాకు రిజిస్టరులో ఎక్కించి బీరువాలో పెట్టాం, ఎవరైనా వచ్చి చూడవచ్చు. అవి లేకుండా యంత్రాలు ఎలా నడుస్తున్నాయో అక్కడ రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

పోయిన ఏడాది ఎనిమిదో తరగతి పిల్లలు ఇంట్లో అమ్మమ్మలు, తాతయ్యలు చెప్పిన సామెతలు, చేపల పేర్లు, వంటల పేర్లు సేకరించి తెలుగులో టైపు చేశారు. మూడు నెలల పని అది. ఈలోగా నాలుగు యంత్రాలు మొరాయించాయి. బాగుచేసే ఆయన వచ్చి, డిస్కులు మొత్తం చెరిపేసి, కొత్తగా ఎక్కించి వెళ్లాడు. పిల్లల పని పోయింది, తెలుగు ఫాంట్లూ కీబోర్డూ పోయాయి. తప్పు ఆయనదే అనను. ఏ యంత్రంలో ఏముందో రాసి పెట్టుకోకపోవడం, ఇంకోచోట నకలు ఉంచుకోకపోవడం నా తప్పు. పద్దెనిమిది డిస్కులను పద్దెనిమిది సార్లు చూసుకునే మనిషి మన బడిలో లేడు. ఒక్కదాన్ని అయితే చూసుకోగలం.

ఇక అసలు సంగతి. కంప్యూటర్ ఆన్ చేయగానే బోర్డు మీది చిప్పులో ఉన్న చిన్న ప్రోగ్రాం మేలుకుంటుంది. పెద్ద ప్రోగ్రాం, అంటే ఆపరేటింగ్ సిస్టం, ఎక్కడుందా అని వెతుకుతుంది. మామూలుగా డిస్కులో దొరుకుతుంది. నెట్‌వర్క్ కేబుల్ ద్వారా తెచ్చుకునే పద్ధతి కూడా ఒకటుంది. దాన్ని పీఎక్స్ఈ అంటారు. 1990ల చివర్లో ఇంటెల్ సంస్థ దీనికి ఒక ప్రమాణం ఏర్పరచింది. అందుకే మన పాత యంత్రాల్లో కూడా ఉంది. బయాస్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ బూట్‌ను మొదటి వరుసలో పెట్టాం, అంతే.

అప్పుడు ఆ యంత్రం, కొత్తగా చేరిన పిల్లవాడు గేటు దగ్గర నిలబడి "నా నంబరెంత? నేనెక్కడికి వెళ్లాలి?" అని గట్టిగా అడిగినట్టు, నెట్‌వర్క్ అంతటికీ వినపడేలా అడుగుతుంది. జవాబు చెప్పేదాన్ని డీహెచ్‌సీపీ అంటారు. నంబరు ఇస్తుంది, ఏ ఫైలు ఎక్కడ తెచ్చుకోవాలో చెబుతుంది. టీఎఫ్‌టీపీ అనే సాదా పద్ధతిలో ముందు ఒక చిన్న ఫైలు వస్తుంది, దాని వెంట లినక్స్ కెర్నల్ వస్తుంది. మిగతా సిస్టం అంతా సర్వర్‌లో ఒకే ఒక పెద్ద ఫైలుగా కుదించి ఉంటుంది. అది మొత్తం దిగిరాదు. యంత్రం ఎప్పటికి కావలసిన ముక్కను అప్పుడు చదువుకుంటుంది.

ఆ ఫైలును చదవడమే గానీ దానిలో ఎవరూ రాయలేరు. పిల్లవాడు సెట్టింగులు తారుమారు చేసినా ఆ మార్పు యంత్రం మెమరీలోనే ఉంటుంది. ఆపి మళ్లీ వేస్తే శుభ్రం. పిల్లల సొంత ఫైళ్లు మాత్రం సర్వర్‌లో వాళ్ల పేరుతో ఉన్న ఖాతాలోకి వెళ్తాయి. ఇవాళ మొదటి వరుసలో కూర్చుని, రేపు ఆఖరి వరుసలో కూర్చున్నా తన వ్యాసం తనకు కనిపిస్తుంది.

దీనికి వాడిన సాఫ్ట్‌వేర్ పేరు ఎల్‌టీఎస్‌పీ. 1999 నుంచి ఉంది, 2019లో పూర్తిగా తిరగరాశారు. ఖరీదు లేదు. పెద్ద తరగతుల పిల్లల కోసం కాస్త వివరంగా చెబుతాను. ముందు ఒక మంచి యంత్రంలో మామూలుగానే లినక్స్ ఎక్కించాం. తెలుగు, ఒడియా ఫాంట్లు, లిబ్రే ఆఫీస్, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టాం. ఆ తర్వాత "ఎల్‌టీఎస్‌పీ ఇమేజ్" అనే కమాండు ఇస్తే సర్వర్ తన నకలునే ఆ పెద్ద ఫైలుగా చేస్తుంది. ఫాంటు ఒక్కచోట పెట్టి ఆ కమాండు మళ్లీ ఇస్తే, మర్నాడు పద్దెనిమిది తెరల మీదా ఉంటుంది. పర్లాకిమిడిలో ఉండి వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరుతో ఉచిత తెలుగు ఫాంటు ఒకటుంది. నేను మొదట పెట్టింది అదే. ఇన్‌స్క్రిప్ట్‌లో ఇంకో సుఖం ఉంది. తెలుగు "క" ఏ మీట మీద ఉందో ఒడియా "క" కూడా అదే మీట మీద ఉంటుంది. ఒకటి నేర్చుకుంటే రెండోది సగం వచ్చినట్టే.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. ఆఫీసు రౌటర్ అప్పటికే నంబర్లు ఇస్తోంది. నేను సర్వర్‌తో కూడా ఇప్పించాను. రెండు నోళ్లు రెండు జవాబులు చెప్పేసరికి ఆఫీసులో ఇంటర్నెట్ ఆగిపోయింది, అదీ పరీక్ష ఫారాలు నింపే రోజున. డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాంలో ప్రాక్సీ పద్ధతి ఉందని తర్వాత చదివాను. అందులో నంబర్లు రౌటరే ఇస్తుంది, ఫైలు సంగతి మాత్రం సర్వర్ చెబుతుంది. ముందే చదివి ఉండాల్సింది.

లెక్కలు చేసే పని సర్వర్‌ది కాదు, ఏ యంత్రం పని దానిదే. అందుకని 1 జీబీ మెమరీ ఉన్న మూడు యంత్రాలు ఇప్పటికీ ఈసురోమంటూనే ఉన్నాయి. వాటిని టైపింగుకే ఉంచాం. అన్నీ ఒకేసారి ఆన్ చేస్తే నెమ్మదిస్తాయి కాబట్టి వరుస తర్వాత వరుస వేయమని పిల్లలకు చెప్పాం.

మరి సర్వరే పాడైతే? పద్దెనిమిదీ ఆగిపోతాయి. ఈ పద్ధతిలో అసలు ప్రమాదం ఇదే, దాచను. అందుకే సర్వర్‌కూ నెట్‌వర్క్ స్విచ్‌కూ యూపీఎస్ పెట్టాం. సర్వర్‌లో రెండు డిస్కులుంటాయి, ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ పడుతుంది. కానీ పొరపాటున చెరిపితే రెండింట్లోనూ చెరిగిపోతుంది గనక, ప్రతి శనివారం పిల్లల ఫైళ్లను విడి డిస్కులోకి తీసి, ఆ డిస్కును బడిలో కాకుండా ఒక ఉపాధ్యాయుని ఇంట్లో ఉంచుతున్నాం. 2013లో ఫైలిన్‌ను చూసినవాళ్లం, ఒకే కప్పు కింద అన్నీ పెట్టకూడదని మనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. ఎపాప్టిస్ అనే ప్రోగ్రాంతో ఉపాధ్యాయుడు పిల్లల తెరలు తన తెర మీద చూడగలడు. క్లాసు జరిగేటప్పుడు మాత్రమే, పిల్లలకు చెప్పే చూస్తాం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే నాతో మాట్లాడండి.

ఎనిమిదో తరగతి వాళ్లు ఇప్పుడు తొమ్మిదికి వచ్చారు. ఆ సామెతలు మళ్లీ టైపు చేస్తామని వాళ్లే అడిగారు. అప్పట్లో రాసుకున్న నోటు పుస్తకాలు మీ ఇళ్లలో ఎక్కడైనా ఉంటే, పాత కాగితాల వాడికి వేయకుండా సోమవారం పిల్లలతో పంపండి.

— ప్రధానోపాధ్యాయుడు