పోయే మోజు, నిలిచే సంతోషం

సంతోషం ఎక్కడుందని అడిగితే ఇవాళ చాలామంది చూపు అరచేతిలోని సెల్‌ఫోను మీదికే పోతుంది. ఫజర్ అజాన్ కంటే ముందే అది మోగుతుంది. ఇషా నమాజు చదువుకుని వచ్చాక కూడా కునుకు పట్టనివ్వదు. ఎవరి పెళ్లిలో ఎన్ని రకాలు వడ్డించారో, రంజాన్‌కు ఎవరి కోడలు ఎలాంటి షరారా కుట్టించుకుందో, ఏ పట్నంలో ఏ కొత్త బిర్యానీ వచ్చిందో అన్నీ కళ్లముందు గిర్రున తిరిగిపోతాయి. చూసినంతసేపూ సరదాగానే ఉంటుంది. ఫోను పక్కన పెట్టాక మాత్రం మన ఇల్లు ఇరుకుగా, మన బట్ట వెలిసినట్టుగా, మన వంట చప్పగా తోస్తుంది. నిన్నటిదాకా సరిపోయిన ఇల్లే అది. నిన్నటిదాకా రుచించిన వంటే అది.

బందరు, గుడివాడ, దివిసీమ ఏ ఊరు వెళ్లినా ఇంటింటా ఇదే వరస. పండుగకు కొన్న కొత్త బట్టలు చూసి పిల్ల మొహం ముడుచుకుంటుంది. ఫోనులో చూసినవి ఇవి కావంటుంది. తండ్రికి ఏం చెప్పాలో తోచదు. అప్పు చేసైనా తెద్దామా అని ఆలోచనలో పడతాడు. కాలక్షేపం అనుకున్నది కాస్తా అలా ఇంటి నెమ్మదిని, నెల జీతాన్ని కొరుక్కుతింటోంది.

మోజులకు పుట్టిల్లు మన రేవు

మోజులు రావడం, పోవడం బందరుకు కొత్త కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇది పెద్ద రేవు. డచ్చివారు ముందే వచ్చారు. 1611లో ఇంగ్లీషువారూ ఇక్కడ వర్తకశాల పెట్టుకున్నారు. వారిని ఇక్కడికి లాగినది మన తీరంలో తయారయ్యే అద్దకపు బట్ట. ఖలం అంటే కలం, కారీ అంటే పని. ఈ పార్శీ మాటలు రెండూ కలిసి కలంకారీ అయింది. ఇరాన్‌కు పంపడానికి మిహ్రాబ్ ఆకారం అద్దిన జానమాజులు కూడా ఇక్కడ చేసేవారు. బందరు అద్దకంలో పూలు, తీగలు, ఆకులు అంతగా కనిపించడానికి ఆ ఇరానీ అభిరుచి ఒక కారణం.

పదిహేడో శతాబ్దంలో మన కోరమండల్ తీరపు అద్దకం ఐరోపాలో పెద్ద మోజు అయి కూర్చుంది. దొరసానుల గౌన్లకు, మంచం తెరలకు, గోడలకు కూడా ఇవే బట్టలు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల పొట్టమీద దెబ్బపడింది. ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టల్ని నిషేధించి 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. 1719లో లండన్ వీధుల్లో ఈ బట్టలు కట్టుకున్న ఆడవాళ్లమీద నేతగాళ్లు ఎగబడి చించివేశారు. 1721లో ఇంగ్లండు పార్లమెంటు వాటిని కట్టుకోవడమే నేరమంటూ చట్టం చేసింది. 1774లో గానీ అది రద్దు కాలేదు.

ఇలాంటిదే మరో మోజు మన కళ్లెదుటే ముగిసింది. టిక్‌టాక్ వీడియోలంటే పల్లె, పట్నం ఊగిపోయిన రోజులు గుర్తుండే ఉంటాయి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం దాన్ని నిషేధించింది. దానితో పేరు తెచ్చుకున్నవారికి ఆ పేరు నిలబెట్టుకునే చోటే లేకుండా పోయింది. చూసేవారు మాత్రం ఇంకో యాప్‌లో ఇంకో మోజు వెతుక్కున్నారు. ఏడాది తిరిగేసరికి, అంతకుముందు ఏం చూసి అంతగా నవ్వామో చెప్పమంటే చెప్పగలిగినవారు ఎందరు?

దొరసానుల మోజు పోయినా కలంకారీ పోలేదు. చేతి పని మిగిలింది కనుక!

పెడన నేర్పే ఓపిక

బందరు పక్కనే పెడనలో ఇవాళ్టికీ ఆ అద్దకం సాగుతోంది. గుడ్డకున్న గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి నలుపు తీస్తారు. టేకు చెక్కమీద చెక్కిన అచ్చులతో ఆ నలుపునూ, పటిక నీటినీ అద్దుతారు. పారే నీళ్లలో జాడించి, జాజాకు వేసిన ఎర్రరంగు నీళ్లలో ఉడికిస్తారు. పటిక తగిలిన చోటల్లా ఎరుపు అప్పుడు తేలుతుంది. ఎండ తొందరపడదు, నీరు తొందరపడదు. మనిషే వాటి వరసకు సర్దుకోవాలి.

ఫోనులో చూస్తే ఈ బట్టకూ, దీని డిజైను ఎత్తుకుపోయి మిల్లులో గుద్దిన బట్టకూ తేడా తెలియదు. చేత్తో తడిమితే తెలుస్తుంది. అచ్చుకూ అచ్చుకూ అతుకు పడినచోట గీత వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంటుంది. ఒక మనిషి అక్కడ కూర్చుని పని చేశాడనడానికి అదే గుర్తు. చౌకగా వచ్చిందని వేలితో నొక్కి తెప్పించుకునే ప్రతి నకలు బట్టా ఆ మనిషి కూలిలో కొంత కోసేస్తుంది. మన మోజుకు ఈ వెల కూడా ఉంది.

బందరు లడ్డు సంగతీ ఇంతే. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు దొరికింది. శనగపిండిని పూసగా వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకం, నెయ్యి కలిపి మళ్లీ దంచుతారు. అందుకే అది తొక్కుడు లడ్డు. వీడియో అర నిమిషంలో అయిపోతుంది గానీ రోకలి పోటు తగ్గించే ఉపాయం లేదు. నోట్లో వేసుకున్నాక కరిగే ఆ రుచిని ఏ తెరా చూపించలేదు.

చిలకలపూడి నగల్నీ తలచుకోవాలి. పేద ఇంటి ఆడపిల్ల పెళ్లిలో తళతళ మెరిసే ఆ నగ తాను మేలిమి బంగారాన్నని ఏనాడూ బుకాయించలేదు. గిల్టు అని చెప్పే అమ్ముడుపోతుంది. తెరమీద కనిపించే సంసారాలకు ఆ నిజాయితీ లేదు. అక్కడ మెరుపే చూపిస్తారు. కిస్తీలు, కీచులాటలు చూపించరు.

కిటికీ పక్క సీటు, కాలువ గట్టు

గుడివాడ జంక్షనులో బందరు రైలెక్కితే గుడ్లవల్లేరు, కవుతరం, పెడన, చిలకలపూడి మీదుగా దారి. రెండు పక్కలా చేలు. డిసెంబరులో వెళితే కోసిన వరి పనలు, వాటి మధ్య కోతకు ముందే చల్లిన మినుము మొలకలు కనిపిస్తాయి. ఆ పచ్చటి మొలకేమిటని అడగాల్సిన పిల్లవాడు తల వంచుకుని ఫోను చూస్తుంటాడు. అల్లరి చేయకుండా ఉంటాడని మనమే ఇచ్చాం. ఆ ప్రశ్న వాడు అడిగి ఉంటే ఎదురుగా కూర్చున్న ముసలి రైతు జవాబు చెప్పేవాడు. మాటల్లో మాటగా ఊరు, పేరు కలిసేవి. చేతిలోని వేరుశనగకాయల పొట్లం అటు తిరిగేది.

అవతల దివిసీమ. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, ఆ నడిమి నేలను సముద్రం దాకా ఒడిసి పట్టుకుంటుంది. ఆక్విడెక్టు మీదుగా వచ్చే కాలువ నీరే ఆ సీమకు ప్రాణం. శివారు భూములు కనుక నీరు చివరగా చేరుతుంది. ఆలస్యమైతే నేలలోని ఉప్పు పైకి తేలుతుంది. అందుకే కాలువకు నీళ్లొచ్చిన రోజు అక్కడ పిల్లా పెద్దా గట్టుమీదికి వస్తారు. ఆ సంబరానికి క్యాలెండరులో తేదీ లేదు, ఫోనులో లైకులు అక్కర్లేదు.

1977 నవంబరు 19న అదే సీమమీద ఉప్పెన విరుచుకుపడింది. అధికార లెక్కల్లోనే సుమారు 10 వేలమంది పోయారు. ఆ రాత్రిని దాటి బతికిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఇంట్లో అందరూ ఒకచోట కూర్చుని వేడి అన్నం తినడం ఎంత భాగ్యమో వారికి తెలిసినట్టు మనకు తెలియదు. వారి పక్కన కూర్చుని అడగాలి.

శుక్రవారం నుంచే మొదలు

ఫోనే పాపమని ఎవరూ అనరు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు మొహం తల్లికి చూపించేది అదే. పెడన బట్టను దూరదేశపు కొనుగోలుదారుకు చేర్చగలిగేదీ అదే. చిక్కంతా పోటీతో వస్తుంది. ఇంకా కావాలి, ఇంకా కావాలి అనే ఆరాటానికి ఖుర్ఆన్ 102వ సూరా పేరే తకాసుర్. సెల్‌ఫోను లేని కాలంలోనే మనిషి రోగం అది. దానికి మందుగా మన పెద్దలు వాడిన మాటలు రెండు: షుక్ర్, ఖనాఅత్. ఉన్నదానికి కృతజ్ఞత, ఉన్నదానితో తృప్తి.

జుమా అజాన్ వినగానే వ్యాపారం వదిలి రమ్మన్నది ఆజ్ఞ. నమాజు ముగిశాక తిరిగి బతుకుతెరువు వెతుక్కోమన్నదీ ఆజ్ఞే. పని మానమనలేదు. కాసేపు పక్కన పెట్టమన్నారు. ఫోనుకూ అదే పద్ధతి ఎందుకు చెల్లదు? శుక్రవారం స్నానం మొదలు మధ్యాహ్నం భోజనం ముగిసేదాకా ఇంట్లో ఫోనులన్నీ ఒక బుట్టలో పడేద్దాం. ఫోనులో చూసి మనసు పడిన వస్తువును వచ్చే జుమా దాకా కొనకుండా ఆగుదాం. వారం తర్వాత కూడా కావాలనిపిస్తే కొనుక్కోవచ్చు. సగం కోరికలు ఆ వారంలోనే చల్లబడతాయి.

దాదీమా దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి, ఆమె చిన్నప్పటి పండుగ ఎలా జరిగిందో అడగమందాం. వండినదాంట్లో ఒక గిన్నె పక్కింటికి పంపుదాం. ఫొటో తీసి పంపడం కాదు, పిల్లవాడి చేతికిచ్చి పంపుదాం. పక్కింటి పిన్నిగారు ఆ గిన్నె ఖాళీగా తిప్పి పంపరు. నాలుగు అరటిపళ్లో, గుప్పెడు జంతికలో వేసి ఇస్తారు. వాటిని ఒలికిపోకుండా పట్టుకుని గుమ్మం ఎక్కే పిల్లవాడి మొహం చూడండి.