నిమిషం వాయిస్ నోట్‌లో మూడో తరగతి

సెలవులు దగ్గర పడగానే మన హాస్టల్లో ఎవరో ఒకరు అంటారు: "ఈసారి ఊళ్ళో చిన్నపిల్లలకి ఆన్‌లైన్‌లో ఏదైనా చెప్దామే." ఎన్‌ఎస్‌ఎస్ గంటల కోసం అనేవాళ్ళు కొందరు, నిజంగా చెప్పాలని ఉండి అనేవాళ్ళు కొందరు. ఎవరు అన్నా ఆ తర్వాత తయారయ్యేది మాత్రం ఒకటే: ఒక మీటింగ్ లింకు, ఒక పీపీటీ, ముప్పై మంది పిల్లలు, నలభై అయిదు నిమిషాలు. మనకి తెలిసిన ఆన్‌లైన్ క్లాసు అదే కాబట్టి వాళ్ళకీ అదే పెడతాం.

మేం నలుగురం రెండు వేసవి సెలవుల్లో మా కాలనీ పిల్లలు పదకొండు మందికి ఫోన్ మీద తెలుగు చదవడం, లెక్కలు చెప్పాం. అందరూ మూడు, నాలుగు తరగతుల వాళ్ళే. మీలో ఎవరైనా ఈ పని మొదలుపెట్టేటట్టయితే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు ఒక చిన్న లెక్క. ముప్పై మంది పిల్లలు, నలభై అయిదు నిమిషాల లైవ్ క్లాసు. టీచరు ఒక్క మాటా మాట్లాడకుండా మొత్తం టైము పిల్లలకే ఇచ్చేసినా ఒక్కొక్కరికి వచ్చేది నిమిషంన్నర. నిజానికి టీచరు మాట్లాడతారు, "హలో వినిపిస్తోందా" అంటారు, ఎవరింట్లోదో మిక్సీ మోగుతుంది. చివరికి పిల్లకి దక్కేది పదిహేను సెకన్లు. చదవడం నేర్చుకోవాలంటే పైకి చదవాలి, ఎవరో ఒకరు వినాలి. పదిహేను సెకన్లలో మూడో తరగతి పిల్ల ఒక వాక్యం కూడా పూర్తి చెయ్యలేదు.

అదే పిల్లని ఒక్క నిమిషం చదివి వాయిస్ నోట్ పంపమన్నామనుకోండి. ముప్పై నోట్లు వినడానికి ముప్పై నిమిషాలు. టీచరు టైము ఇంకా తగ్గింది, ప్రతి పిల్లా నిండుగా ఒక నిమిషం చదివింది, మిగతా ఇరవై తొమ్మిది మంది మ్యూట్‌లో కూర్చుని గోడ చూడక్కర్లేదు.

డేటా లెక్క కూడా చూద్దాం, ఇంజనీరింగ్ వాళ్ళం కదా. వీడియో కాల్ సెకనుకి 500 కిలోబిట్లు తింటుందనుకుంటే 45 నిమిషాలకి దాదాపు 169 ఎంబీ. ఇంట్లో ఇద్దరు పిల్లలు, రోజుకి చెరో రెండు క్లాసులు అంటే 675 ఎంబీ. వాయిస్ నోట్‌కి సెకనుకి 16 కిలోబిట్లు వేసుకుంటే నిమిషానికి 120 కేబీ. ఒక్క క్లాసు డేటాలో 1400 వాయిస్ నోట్లు పడతాయి. రోజుకి 1.5 జీబీ ప్యాక్ మీద నడిచే ఇంట్లో, ఆ ఫోన్ మీదే నాన్న ఆటో బుకింగులు కూడా రావాలంటే, ఇది చిన్న తేడా కాదు.

దేశమంతా ఈ ప్రయోగం ఒకసారి చేసేసింది కాబట్టి అక్కడినుంచి కొన్ని సంగతులు తెలుస్తాయి. 2020 జూలైలో కేంద్ర విద్యాశాఖ 'ప్రజ్ఞాత' పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా లైవ్ క్లాసులు రోజుకి రెండు, ఒక్కోటి ముప్పై నుంచి నలభై అయిదు నిమిషాలు మించకూడదన్నారు. తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి, అయితే మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా మాత్రమే. ఆంధ్రలో సప్తగిరి ఛానల్లో 'విద్యావారధి' వచ్చింది. టీవీకి ఒక మంచి గుణం ఉంది, డేటా అడగదు. ఒక లోపం కూడా ఉంది, పిల్ల తప్పు చదివితే దానికి వినపడదు.

ఇక ఫోన్ల సంగతి. 2021 అసర్ సర్వేలో గ్రామాల్లో బడికెళ్ళే పిల్లల ఇళ్ళలో 67.6 శాతం ఇళ్ళకి స్మార్ట్‌ఫోన్ ఉందని తేలింది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆ ఫోన్ ఉన్న ఇళ్ళలో కూడా 26.1 శాతం పిల్లల చేతికి అది అందదట. ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, పిల్ల చేతిలో ఉండటం వేరు. మా పదకొండు మందిలో ఒక పాప నోట్ ఎప్పుడూ రాత్రి ఎనిమిదిన్నర దాటాకే వచ్చేది. మొదట్లో ఒక మాట చెప్పి గానీ చదివేది కాదు: "అక్కా, ఇప్పుడు పంపియ్యొచ్చా? నాన్న ఇప్పుడే వచ్చిండు." పొద్దున పదింటికి లింకు పెట్టి అటెండెన్స్ తీసుకుని ఉంటే ఆ పాప మా రిజిస్టర్లో రోజూ ఆబ్సెంటే. అందరికంటే బాగా చదివే పిల్లల్లో తనొకతి.

కాబట్టి మేం పెట్టుకున్న పద్ధతి ఇది. ఫోన్‌ని క్లాసురూములా కాకుండా పోస్టు డబ్బాలా వాడాలి. పొద్దున మేం నలభై సెకన్ల వాయిస్‌లో ఒక పని చెప్తాం. పిల్ల ఆ పని ఇంట్లో, చేతులతో, స్క్రీన్ లేకుండా చేస్తుంది. రాత్రి పడుకునేలోపు ఎప్పుడైనా ఒక వాయిస్ నోటో, ఒక ఫోటోనో పంపుతుంది. మేం మర్నాడు పొద్దున వాయిస్‌లోనే జవాబిస్తాం. ఆ జవాబు బొటనవేలు గుర్తు కాకూడదు. "చాలా బాగుంది నాన్నా" కూడా సరిపోదు. "నిన్న 'నెమ్మది' దగ్గర ఆగావు చూడు, ఇవాళ ఆగలేదు" లాంటిది ఒక్కటి చెప్పాలి. తమ నోట్ నిజంగా విన్నారని పిల్లలకి తెలిసేది అలాంటి మాటతోనే, మర్నాడు మళ్ళీ పంపేదీ అందుకే.

పని చెప్పేది పిల్లకి, అమ్మకి కాదు. ఇది చాలా ముఖ్యం. బడి నుంచి వచ్చే పీడీఎఫ్‌లు చాలావరకు ఇంగ్లీషులో, పెద్దవాళ్ళని ఉద్దేశించి ఉంటాయి. ఫలితం తెలిసిందే, హోంవర్క్ ఫోటోలో గుండ్రటి అక్షరాలు చూడగానే అది అమ్మ చేతిరాత అని అర్థమైపోతుంది.

ఏ పనులు ఇవ్వాలి? మా పరీక్ష ఒక్కటే: ఒకే గది ఉన్న ఇంట్లో, పైసా ఖర్చు లేకుండా, ప్రింటర్ లేకుండా, ఆ పిల్ల ఒక్కతే చెయ్యగలదా? "మీ బొమ్మలన్నీ వరుసగా పెట్టి చూపించు", "మీ పెరట్లో పూలు తీసుకురా" లాంటివి ఇక్కడే పోతాయి. బొమ్మలు, పెరడు లేని పిల్లని అందరి ముందు నిలబెట్టినట్టవుతుంది. కెమెరా ఆన్ చెయ్యమనడం కూడా ఒక రకంగా అదే. ఇల్లు చూపించమని మనం అడగకూడదు.

మా దగ్గర అన్నిటికంటే బాగా నడిచింది వంటింటి ఒత్తుల వేట. మూడో తరగతిలో చాలామంది ఆగిపోయేది ఒత్తుల దగ్గరే. 'అమ్మ' చదివేస్తారు, ఎందుకంటే అది బొమ్మలాగా గుర్తుండిపోయింది. 'నెమ్మది' రాగానే అదే మ్మ అని పోల్చుకోలేరు. పుస్తకంలో ద్విత్వాక్షరాల పట్టిక ఇస్తే బట్టీ పడతారు. దాని బదులు, "వంటింట్లోకి వెళ్ళు, ఒత్తు ఉన్న పేర్లు ఎన్ని దొరుకుతాయో రాసుకురా" అన్నాం. ఉప్పు, పప్పు, బియ్యం, నెయ్యి, బెల్లం, అల్లం, ఉల్లి, వెల్లుల్లి, మజ్జిగ, పచ్చడి, చక్కెర, గిన్నె, కొత్తిమీర. తెలుగు వంటిల్లు ద్విత్వాలతో నిండిపోయి ఉంటుందని నాకూ అప్పటిదాకా తట్టలేదు. ఒక బాబు ముప్పై నాలుగు తెచ్చాడు, వాళ్ళ నానమ్మ సాయంతో.

రెండో రోజు ఆ మాటల్ని రెండు కుప్పలు చెయ్యమన్నాం. అక్షరానికి అదే అక్షరం ఒత్తుగా వచ్చేవి ఒకవైపు, వేరే అక్షరం ఒత్తుగా వచ్చేవి ఇంకోవైపు. రెండో కుప్పలో ఏమొచ్చాయో చూడండి: గ్లాసు, ప్లేటు, స్పూను, ఫ్రిజ్. ఎక్కువ బయటి భాషల నుంచి వచ్చిన సామాన్లే. ద్విత్వం, సంయుక్తం అనే పేర్లు చెప్పకముందే ఆ తేడా వాళ్ళ చేతికి వచ్చేసింది. పేర్లు తర్వాత చెప్పాం, అర నిమిషంలో అయిపోయింది.

లెక్కలకి ముగ్గు. ఏడు చుక్కల ఎదురు చుక్క ముగ్గులో వరుసలు 1, 3, 5, 7, 5, 3, 1. మొత్తం ఎన్ని? 25. అదే ఏడు చుక్కల సందు చుక్క ముగ్గు నాలుగు వచ్చేదాకా పెడితే 4, 5, 6, 7, 6, 5, 4. మొత్తం 37. పిల్లలు ముందు ఒక్కొక్క చుక్క లెక్కపెడతారు. తర్వాత మధ్య గీత మీది వరుస వదిలేస్తే పైనా కిందా ఒకటేనని వాళ్ళే కనిపెడతారు, సగం లెక్కపెట్టి రెండింతలు చేస్తారు. ఇది గుణకారం లోపలికి నడిచి వెళ్ళడమే. పలక మీద సుద్దముక్కతో చాలు, గడప ముందు పిండితో అయితే ఇంకా సంతోషం. నాలుగో తరగతి వాళ్ళకి సందు చుక్క చిన్నదాంట్లోంచి మొదలుపెట్టి పెంచమన్నాం. మధ్య వరుసలో మూడు చుక్కలుంటే మొత్తం 7, అయిదుంటే 19, ఏడుంటే 37, తొమ్మిదుంటే 61. ఒక బాబు నోట్ పంపాడు: "అక్కా, తేడా తీస్తే ఆరో ఎక్కం వస్తుంది." 12, 18, 24. మన బ్యాచ్‌లో ఎంతమంది ఇది గమనించారో చెప్పండి. ఎందుకలా వస్తుందో మాత్రం చెప్పను, ఒక కాగితం తీసుకోండి.

కరెంటు మీటర్ కూడా బాగా పనికొస్తుంది, ముఖ్యంగా సున్నా మీదుగా అప్పు తెచ్చుకునే తీసివేతకి. నిన్న 4398, ఇవాళ 4402. పుస్తకంలో ఈ లెక్క ఇస్తే సగం మంది తడబడతారు. మీటర్ లెక్క అయితే నాలుగు యూనిట్లని వేళ్ళ మీద లెక్కపెట్టి ముందే తెలుసుకుంటారు, ఆ నాలుగు వచ్చేదాకా తీసివేతని సరిచేసుకుంటారు. మీటర్ తెర మీద అంకెలు మారుతూ ఉంటాయి, పక్కన కిలోవాట్ అవర్ గుర్తు వచ్చేదాకా ఆగాలి, పెద్దవాళ్ళతో కలిసి దూరం నుంచి చూడాలి, ముట్టుకోకూడదు. బిల్లు ఫోటో గ్రూపులో పెట్టొద్దని కూడా చెప్పండి, దాని మీద పేరూ సర్వీసు నంబరూ ఉంటాయి.

వామనగుంటలు, అష్టాచెమ్మా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చింతగింజలు ఉంటే చాలు, అమ్మమ్మలు మనకంటే బాగా చెప్తారు. కథలకి ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ ఉంది, 2015 నుంచి నడుస్తోంది. తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి, దింపుకుని పంచుకోవచ్చు. మొత్తం కథ ఒకేసారి పంపకండి. రోజుకి ఒక పేజీ, అదీ స్క్రీన్‌షాట్‌గా. మిగతాది రేపు అంటే చదివే నోరు ఆగదు.

లైవ్ పూర్తిగా వద్దా అంటే, కావాలి. వారానికి ఒకసారి, సాయంత్రం, అయిదుగురికి మించకుండా, పావుగంట. పిల్లలకి ఒకళ్ళ గొంతు ఒకళ్ళు వినాలని ఉంటుంది, పాఠం కంటే దానికే వస్తారు. అయితే అందరితో కలిపి ఎక్కాలు చదివించాలని చూడకండి. ఒకరి గొంతు ఇంకొకరికి చేరేసరికి పావు సెకను ఆలస్యం అయినా చాలు కోరస్ చెదిరిపోవడానికి. పైగా ఒకళ్ళు మాట్లాడుతుంటే ఇంకొకళ్ళ గొంతుని యాప్ నొక్కేస్తుంది. దాని బదులు గొలుసు పెట్టాం. ఒకరు "మూడొకట్ల మూడు" అని ఒక స్నేహితుడి పేరు పిలవాలి, వాడు "మూడు రెళ్ళు ఆరు" అని ఇంకొకరిని. తన పేరు ఎప్పుడొస్తుందోనని అందరూ చెవులు రిక్కించి ఉంటారు.

మార్కులు లేవు. మేం రాసుకున్నది ఒక నోటుబుక్కు, ఒక్కో పిల్లకి ఒక పేజీ: తేదీ, ఏం చదివింది, ఎక్కడ ఆగింది. మూడు వారాలయ్యాక ఆ పేజీ చూస్తే ఎవరికి గుణింతం దగ్గర ఇబ్బంది, ఎవరికి ఒత్తు దగ్గర, ఎవరికి అసలు ధైర్యం దగ్గర అన్నది కనిపిస్తుంది. ఎనిమిదిన్నర పాప పేజీలో రెండో వారం నుంచి ఆగిన చోట్లు తగ్గుతూ వచ్చాయి. తర్వాత రోజుకి రెండు నోట్లు పంపడం మొదలుపెట్టింది, రెండోది వాళ్ళ తమ్ముడిది. వాడు మా లిస్టులోనే లేడు.

ఈ పద్ధతిలో కుదరనివీ ఉన్నాయి. పిల్ల పెన్సిల్ ఎలా పట్టుకుంటుందో, అక్షరం ఎటునుంచి మొదలుపెడుతుందో ఫోటోలో తెలియదు. ఒకటో తరగతి వాళ్ళకి పక్కన మనిషి కూర్చోవాల్సిందే, వాళ్ళని ఫోన్‌కి అప్పజెప్పకండి. ఇక ఫోనే లేని ఇల్లు. మా కాలనీలో అలాంటివి రెండు. ఆ ఇద్దరికీ వారానికి రెండుసార్లు మాలో ఒకరు వెళ్ళి పని చెప్పి, గడప మీద కూర్చుని చదివించుకుని వచ్చేవాళ్ళం, పదేసి నిమిషాలు. మీరు లిస్టు రాసుకునేటప్పుడు నంబర్లతో మొదలుపెట్టకుండా ఇళ్ళతో మొదలుపెట్టండి, అలాంటివాళ్ళు ఎందరున్నారో మొదటి రోజే తెలుస్తుంది. ఫోన్ ఉన్న ఇళ్ళలో, అది ఏ టైముకి ఇంట్లో ఉంటుందో కూడా అప్పుడే అడిగి పక్కన రాసుకోండి.