జట్టు నేర్పుకు మార్కులెలా వేస్తారు?

సైనిక విమానంలో ఒకరి పొరపాటును ఇంకొకరు పట్టుకోగలిగితేనే అందరూ క్షేమంగా దిగుతారు. ఆ నేర్పు అబ్బిందో లేదో తేల్చే పద్ధతుల వెనుక ఎన్నో విశేషాలున్నాయి.

• 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ కొత్త బాంబర్ నేల విడిచిన కాసేపటికే కూలింది. గాలికి కదలకుండా తోక భాగాలకు వేసిన తాళం తీయడం మరిచారు. ఆరితేరిన పైలట్లకే ఇలా జరగడంతో చెక్‌లిస్టు వాడుకలోకి వచ్చింది.

• 1978లో పోర్ట్‌లాండ్ దగ్గర ఒక ప్రయాణికుల విమానం ఇంధనం అయిపోయి కూలి, 10 మంది చనిపోయారు. చక్రాల సమస్యలో మునిగిన కెప్టెన్‌కు తోటివారు ఇంధనం సంగతి గట్టిగా చెప్పలేకపోయారు. మరుసటి ఏడాది నాసా జరిపిన సదస్సుతో సిబ్బంది సమన్వయ శిక్షణకు పునాది పడింది. సైన్యాలూ దాన్ని అందుకున్నాయి.

• 1994 ఏప్రిల్ 14న ఉత్తర ఇరాక్‌లో అమెరికా ఎఫ్-15లు తమ దేశపు హెలికాప్టర్లనే రెండింటిని శత్రువులవనుకుని కూల్చాయి. 26 మంది బలయ్యారు. పైనుంచి కనిపెట్టుకుని ఉన్న అవాక్స్ విమానంలో ఆ హెలికాప్టర్ల రాక తెలిసినవారున్నారు. అయినా హెచ్చరిక వెళ్లలేదు.

• అమెరికా నౌకాదళం ఏడు నేర్పులు బోధిస్తుంది: నిర్ణయం, నిస్సంకోచంగా చెప్పడం, పని విశ్లేషణ, సమాచార మార్పిడి, నాయకత్వం, పరిస్థితికి తగ్గట్టు మారడం, చుట్టూ ఏం జరుగుతోందన్న ఎరుక.

• శిక్షణను తూచడానికి 1959లో డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ నాలుగు మెట్లు చెప్పారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో పాటిస్తున్నారా, ఫలితం కనిపించిందా? మొదటిది కాగితం మీద అడిగితే తెలిసిపోతుంది. పైకి వెళ్లేకొద్దీ కొలవడం కష్టం.

• ప్రమాదాలు తగ్గాయా అన్నది చూస్తే చాలదు. అవి అరుదుగా జరుగుతాయి. పైగా విమానాలు, మరమ్మతు పద్ధతులు కూడా మారుతుంటాయి కాబట్టి మేలు దేనివల్ల జరిగిందో విడదీయలేం.

• అందుకే 1990ల్లో నౌకాదళ పరిశోధకులు ‘టార్గెట్స్’ పద్ధతి తెచ్చారు. సిమ్యులేటర్‌లో ముందే కొన్ని చిక్కులు అమర్చుతారు. ఒక్కోదానికి చేయాల్సిన పనుల జాబితా పరిశీలకుడి చేతిలో ఉంటుంది. చేశారా, లేదా అన్నదే గుర్తు పెడతాడు.

తరగతి బాగుందన్న మెచ్చుకోలుతో ఏ సైన్యమూ తృప్తి పడకూడదు. ఆపద ముంచుకొచ్చినప్పుడు చిన్న హోదావాడు నోరు విప్పాడా, పెద్ద హోదావాడు విన్నాడా? శిక్షణకు అసలు మార్కులు అక్కడే వేయాలి.