ఐరావతమా, గుదిబండా? ఆంగ్ల జాతీయాల పుట్టుపూర్వోత్తరాలు

అనువాదకునిగా నేను పనిలో చేరిన తొలి సంవత్సరంలో జరిగిన సంగతి ఇది. హిందీ నుండి తెలుగులోకి తేవలసిన ఒక వ్యాసంలో, నష్టాలలో నడుస్తున్న ఒక కర్మాగారాన్ని గురించి ‘యహ్ కార్ఖానా సఫేద్ హాథీ సిద్ధ్ హువా’ అనే వాక్యం వచ్చింది. సఫేద్ హాథీ అంటే తెల్ల ఏనుగు. తెల్ల ఏనుగు అంటే ఐరావతం. శైలి ప్రౌఢంగా ఉంటుందని మురిసిపోతూ, ‘ఈ కర్మాగారం సాక్షాత్తు ఐరావతమని రుజువైంది’ అని రాశాను. ప్రూఫులు దిద్దుతున్న పెద్దాయన నన్ను పిలిచి, “ఏమండీ, ఈ కర్మాగారం ఏ ఇంద్రుడిదండీ?” అని అడిగారు. మూలంలోని నింద నా చేతిలో స్తుతిగా మారిపోయింది. ఆయన ‘ఐరావతం’ కొట్టివేసి ‘గుదిబండ’ అని రాశారు. ఎం.ఏ. చదివినవాణ్ణి, రెండు భాషలూ వచ్చినవాణ్ణి అనే ధీమా నాలో ఆనాటితో సడలింది.

పదాల విడి అర్థాలను కూడితే రాని అర్థాన్ని ఇచ్చే పలుకుబడిని జాతీయం అంటారు. హిందీవారు దీనిని ‘ముహావరా’ అంటారు. జాతీయంలో ఒక జాతి జీవితం, చరిత్ర, నమ్మకాలు దాగి ఉంటాయి. అందువల్ల దాని అర్థం తెలియాలంటే నిఘంటువు ఒక్కటే చాలదు. పుట్టుక కూడా తెలియాలి.

నన్ను తికమకపెట్టిన ‘సఫేద్ హాథీ’ నిజానికి హిందీ నేలలో పుట్టినది కాదు. ఇంగ్లీషులోని ‘వైట్ ఎలిఫెంట్’కు అది అనువాదం. పోషించలేక, వదిలించుకోలేక భారమైన వస్తువును ఇంగ్లీషువారు అలా అంటారు. ఈ మాటకు మూలం సయాం, అంటే నేటి థాయిలాండ్. అక్కడ తెల్ల ఏనుగు రాజుగారి సొత్తు. అది పవిత్రమైనది కనుక దానిచేత పని చేయించరాదు. మేపు మాత్రం ఘనంగా ఉండాలి. తనకు గిట్టని ఆస్థానికునికి రాజు తెల్ల ఏనుగును బహూకరించేవాడనీ, దానిని మేపలేక అతడు చితికిపోయేవాడనీ ఇంగ్లీషువారు ఒక కథ చెప్పుకున్నారు. ఈ కథకు సయాం చరిత్రలో ఆధారం కానరాదు. ఆ దేశంలో శ్వేతగజం రాజ్యానికే శుభచిహ్నం. 19వ శతాబ్దిలో సయాం జెండాపై ఉన్న బొమ్మ అదే.

ఆ గౌరవానికి మూలం మన దేశంలోనే ఉంది. సిద్ధార్థుని జననానికి ముందు మాయాదేవి కలలో తెల్ల ఏనుగును చూసిందని బౌద్ధ గాథ. ఆ స్వప్న దృశ్యం మన అమరావతి శిల్పాలలో కూడా ఉంది. థాయి భాషలో దివ్యగజం పేరు ‘ఎరవాన్’. అది మన ఐరావతమే. అంటే తెల్ల ఏనుగు భారతదేశం నుండి పూజనీయంగా సయాం చేరింది. ఇంగ్లీషులో భారంగా మారింది. ఆ కొత్త అర్థంతోనే హిందీకి, పత్రికల ద్వారా తెలుగుకు తిరిగి వచ్చింది. నేను చేసిన పొరపాటు ఈ ప్రయాణాన్ని గమనించకపోవడమే.

ఇటువంటిదే ‘రెడ్ టేప్’. ఇంగ్లండులో న్యాయస్థానాల, ప్రభుత్వ కార్యాలయాల దస్తావేజులను ఎర్ర నాడాతో కట్టేవారు. ముడి విప్పడానికి, మళ్లీ ముడి వేయడానికి పట్టే కాలమంతా ప్రజలకు నిరీక్షణే. 19వ శతాబ్దిలో కార్లైల్, డికెన్స్ వంటి రచయితలు ఈ జాప్యాన్ని ఎగతాళి చేశారు. బ్రిటిష్ పాలనతో ఆ నాడా మన కార్యాలయాలకూ వచ్చింది. హిందీలో అది ‘లాల్‌ఫీతాషాహీ’ అయింది. ఇందులో భావం ఇంగ్లీషుది, ‘ఫీతా’ పోర్చుగీసు మాట, ‘షాహీ’ పారసీకం. కలిసి ఏర్పడిన పదం మాత్రం అచ్చంగా హిందీది. మన పత్రికలు ‘రెడ్ టేపిజం’ అని ఇంగ్లీషునే ఉంచుకున్నాయి.

‘మొసలి కన్నీరు’ కూడా బయటినుండి వచ్చినదే. మొసలి తన ఆహారాన్ని తింటూ ఏడుస్తుందని ఐరోపాలో పూర్వం నమ్మేవారు. 14వ శతాబ్దినాటి మాండెవిల్ యాత్రా గ్రంథం ఈ నమ్మకాన్ని ప్రచారం చేసింది. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ నాటకంలో దీనిని వాడుకున్నాడు. తినేటప్పుడు మొసలి కంట నీరు ఊరడాన్ని ఇటీవల శాస్త్రజ్ఞులు కూడా గమనించారు. అయితే అందులో దుఃఖమేమీ లేదు. గజేంద్రుని కాలు పట్టిన మకరి, పంచతంత్రంలో కోతిని మోసగించబోయిన మొసలి మనకు ముందే పరిచితాలు. కనుక ఈ జాతీయం తెలుగులో, హిందీలో కూడా పరాయిదనిపించకుండా కుదిరిపోయింది.

అన్ని జాతీయాలూ ఇలా ప్రయాణం చేయవు. ఇంగ్లండులో టైన్ నది ఒడ్డున ఉన్న న్యూకాసిల్ బొగ్గు ఎగుమతికి ప్రసిద్ధి. అందువల్ల వ్యర్థమైన శ్రమను ‘న్యూకాసిల్‌కు బొగ్గు మోయడం’ అంటారు. హిందీలో దీనికి దీటైనది ‘ఉల్టే బాఁస్ బరేలీ కో’. వెదురుకు పేరుపడ్డ బరేలీకే వెదురు పంపడం అని భావం. ఊరి పేరును ఉన్నదున్నట్లు తెలుగులో పెడితే పాఠకునికి ఏమీ అందదు. ఇంగ్లీషులో ‘అమ్మమ్మకు గుడ్డు జుర్రడం నేర్పడం’ అనే జాతీయమూ ఉంది. దానికి మాత్రం మన ‘తాతకు దగ్గులు నేర్పడం’ సరిగ్గా సరిపోతుంది.

వాన విషయంలోనూ అంతే. ఇంగ్లీషువారికి వాన ‘పిల్లులూ కుక్కలూ’గా కురుస్తుంది, హిందీవారికి ‘మూసలాధార్’, అంటే రోకళ్లంత లావు ధారలతో, మనకు కుండపోతగా. పూర్వం వానకు గడ్డికప్పుల మీది కుక్కలు, పిల్లులు జారిపడేవని, అందుకే ఇంగ్లీషు మాట పుట్టిందని చెప్పే కథ కేవలం కల్పన. వినడానికి ఇంపుగా ఉన్న ప్రతి కథనూ నమ్మరాదని విద్యార్థులు గమనించాలి.

మరికొన్ని జాతీయాల వెనుక కచ్చితమైన చరిత్ర ఉంది. క్రీ.పూ. 49లో జూలియస్ సీజర్ చట్టాన్ని ధిక్కరించి సైన్యంతో రూబికాన్ నది దాటాడు. వెనుదిరగరాని నిర్ణయాన్ని ‘రూబికాన్ దాటడం’ అనడం అందువల్లనే. 1815 జూన్ 18న నెపోలియన్ పతనమైన వాటర్లూ, కోలుకోలేని ఓటమికి పేరైంది. గ్రీకుల హెర్క్యులీస్ పేర అసాధారణమైన పని ‘హెర్క్యులియన్ టాస్క్’ అయింది. అక్కడ మనకు కొత్త మాట వెదకవలసిన పనిలేదు. తెలుగులోనూ, హిందీలోనూ ‘భగీరథ ప్రయత్నం’ సిద్ధంగా ఉంది.

జాతీయం ఎదురైనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది ఎక్కడ పుట్టింది? ఇక్కడ దీని భావమేమిటి? ఆ భావాన్ని మనవారు ఏ మాటతో చెబుతారు? గుదిబండ అంటే పరుగెత్తే పశువును నిలిపేందుకు దాని మెడకు కట్టే బరువు. పశువులను మేపిన జాతికి అంతకంటే స్పష్టంగా భారాన్ని చెప్పే మాట వేరొకటి లేదు. సయాం రాజు ఏనుగు కథ తెలియని రైతుకైనా ఆ వాక్యం వెంటనే అర్థమవుతుంది. ఆనాడు పెద్దాయన దిద్దినది ఒక్క పదమే. అప్పటినుండి మూలంలో ఏనుగు కనిపించినప్పుడల్లా, అది ఎవరి ఏనుగో విచారించిన తరువాతనే కలం కదుపుతున్నాను.